కొత్త కార్నర్‌బ్యాక్ ట్యాకిల్ చేయగలడా? అంకెలు చూసి తేల్చుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మొదలై రెండు మూడు వారాలు అవగానే నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "మా టీమ్ కొత్త కార్నర్‌కి అప్పుడే ఇరవై ట్యాకిల్స్ అయ్యాయి, గట్టివాడే కదా?" అని. కార్నర్ అంటే కార్నర్‌బ్యాక్, మామూలుగా మైదానం అంచున రిసీవర్‌ని, అంటే పాస్ అందుకునేవాడిని, కాపలా కాసే డిఫెండర్. ట్యాకిల్ అంటే బంతి పట్టుకున్నవాడిని పడగొట్టి ఆపడం. అడిగేవాళ్ళలో న్యూజెర్సీలో, డల్లాస్‌లో ఉండే స్నేహితులున్నారు, ఆదివారం రాత్రి హైదరాబాద్‌లో నిద్ర మానుకుని మ్యాచ్ చూసే తమ్ముళ్ళున్నారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎక్కువ ఉదాహరణలు 2024లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో చేరిన ఇద్దరు రూకీలవి. రూకీ అంటే లీగ్‌లో తొలి ఏడాది ఆడుతున్నవాడు. ఈ విషయం అర్థం కావడానికి వాళ్ళిద్దరికన్నా మంచి జత నాకు కనబడలేదు.

రిసీవర్‌కి బంతి అందకుండా చూడటమే కార్నర్ పని కదా, ట్యాకిల్ గురించి ఇంత చర్చ ఎందుకు?

మొదటి పని అదే. కానీ బంతి అందిపోయాక, లేదా రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తడమే పనిగా ఉన్నవాడు) బంతితో మైదానం అంచుకి దూసుకొచ్చాక, చాలాసార్లు అక్కడ మిగిలేది కార్నర్ ఒక్కడే. మధ్యలో ఉండే డిఫెండర్ లైన్‌బ్యాకర్ చేతిలోంచి మనిషి జారిపోతే పట్టడానికి పక్కన ఇంకో ఇద్దరుంటారు. అంచులో కార్నర్ వదిలేస్తే వెనకాల ఒక సేఫ్టీ (అందరికన్నా వెనక నిలబడే డిఫెండర్) ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఐదు గజాల పాస్ కాస్తా నలభై గజాలవుతుంది. యార్డ్ అంటే మన గజమే, మూడడుగులు.

పైగా కొత్తవాడని తెలిస్తే అవతలి కోచ్‌లు ఊరుకోరు. స్క్రీన్ పాస్‌లు (ముందు అడ్డుకునేవాళ్ళని పెట్టుకుని వేసే పొట్టి పాస్‌లు), పక్కకి పరుగులు అతని వైపే పంపి, పట్టగలడో లేదో చూస్తారు.

ట్యాకిల్స్ ఎక్కువుంటే మంచి ట్యాకిలర్ అన్నట్టే కదా?

కాదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడుకుందాం.

తను కాపలా కాస్తున్న రిసీవర్‌కి బంతి అందనిచ్చి, పద్దెనిమిది గజాల అవతల పడగొట్టినా కార్నర్ ఖాతాలో ఒక ట్యాకిల్ పడుతుంది. రన్నింగ్ బ్యాక్‌ని ఒక్క గజం కూడా రానివ్వకుండా నిలబెట్టినా పడేది ఒకటే. కాబట్టి కార్నర్‌కి ట్యాకిల్స్ బాగా ఉన్నాయంటే, అతని మీదకి పాస్‌లు వరసగా వేస్తున్నారని, అవి అందుతున్నాయని కూడా అర్థం కావచ్చు. రూకీల విషయంలో ఈ అనుమానం ఇంకా బలంగా పెట్టుకోవాలి. పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్‌లు వెతికేదే కొత్తవాళ్ళని.

న్యూయార్క్ జెట్స్‌లో కెరీర్ మొదలుపెట్టిన కార్నర్ సాస్ గార్డ్‌నర్‌ని చూడండి. 2022లో రూకీగా 75 ట్యాకిల్స్ చేశాడు. 20 పాస్‌లు చెడగొట్టి లీగ్‌లోనే ముందు నిలిచాడు, ఆ ఏడాది ఉత్తమ డిఫెన్సివ్ రూకీ అవార్డు అతనిదే. మరుసటి ఏడాది ట్యాకిల్స్ 57కి తగ్గాయి. ఆటేమీ తగ్గలేదు, రెండో ఏడాది కూడా ఆల్-ప్రో (ఏడాది మేటి ఆటగాళ్ళ జాబితా) మొదటి జట్టులో ఉన్నాడు. ఉత్త ట్యాకిల్ సంఖ్య పట్టుకుంటే అతను వెనకబడ్డాడని తేల్చేసేవాళ్ళం.

సంఖ్య ఎంత వచ్చింది అన్నదాన్ని అవకాశాలు నిర్ణయిస్తాయి: ఎన్ని ఆటలు (ఇక్కడ ఆట అంటే మ్యాచ్ కాదు, మ్యాచ్‌లో ఒక్కో ప్లే) మైదానంలో ఉన్నాడు, ఎక్కడ నిలబడ్డాడు, టీమ్ ఏ పద్ధతిలో కాపలా కాస్తుంది. మనిషిని కాకుండా ఒక చోటుని కాసే జోన్ పద్ధతిలో ఆడే కార్నర్ కళ్ళు క్వార్టర్‌బ్యాక్ మీద ఉంటాయి. బంతి ఎటు వెళ్తుందో కనబడుతుంది, పరిగెత్తుకెళ్ళి పట్టే వీలుంటుంది. ఒక్కో మనిషిని వెంటాడే పద్ధతిలో చాలాసార్లు బంతికి వీపు పెట్టి పరిగెడుతుంటాడు. పక్కనే రన్ (బంతి చేతబట్టుకుని పరిగెత్తే ఆట) జరిగిందని అతనికి తెలిసేసరికి ఆట అయిపోతుంది.

ఈ ట్యాకిల్స్ లెక్క రాసేది ఎవరు? ఎంతవరకు నమ్మొచ్చు?

క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టే సాక్‌ని 1982 నుంచి లీగ్ అధికారికంగా లెక్కిస్తోంది. ట్యాకిల్‌కి ఆ గట్టితనం లేదు. స్టేడియంలో కూర్చున్న స్టాట్స్ సిబ్బంది ఆట జరుగుతుండగానే చూసి రాస్తారు. ఇద్దరు కలిసి పడగొడితే ఒకచోట ఒకరికే పూర్తి ట్యాకిల్ ఇస్తారు, ఇంకోచోట ఇద్దరికీ చెరో అసిస్ట్ రాస్తారు. మొత్తం లెక్కలో అసిస్ట్ కూడా ఒకటిగానే కలుస్తుంది. అందుకే టీమ్‌ల కోచ్‌లు తర్వాత వీడియో చూసి తమ లెక్క తాము వేసుకుంటారు. రెండూ కలవకపోవడం మామూలే. ఇద్దరు కార్నర్‌ల మధ్య నాలుగైదు ట్యాకిల్స్ తేడా కనబడితే దాన్ని తేడాగా నేను లెక్కలోకి తీసుకోను.

మరైతే మిస్డ్ ట్యాకిల్ శాతం చూడాలా?

అది చాలా నయం. చేసిన ట్యాకిల్స్, జారవిడిచినవి కలిపితే ప్రయత్నాలు. అందులో జారవిడిచినవి ఎంత శాతం అని చూస్తాం. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ లాంటి సంస్థలు ప్రతి ఆట వీడియో చూసి ఇవి రాస్తాయి. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో 2018 సీజన్ నుంచి ప్రతి డిఫెండర్‌కీ ఉచితంగా దొరుకుతాయి.

ఒక జాగ్రత్త. జారవిడవడం అంటే ఏమిటన్నది చూసేవాడి నిర్ణయం. చెయ్యి తగిలి జారిపోతే మిస్ అనడంలో పేచీ లేదు. ఒక్క పక్క అడుగుతో రిసీవర్ ఏమార్చేస్తే, కార్నర్ చెయ్యి తగలనే లేదు, అది మిస్సా కాదా? ఒక్కో సంస్థ ఒక్కోలా రాస్తుంది. కాబట్టి ఒకరి అంకెను ఒకచోట నుంచి, ఇంకొకరిది మరోచోట నుంచి తెచ్చి పోల్చకండి.

మన కబడ్డీ చూసేవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ డిఫెండర్ పేజీ తెరిస్తే ఎన్నిసార్లు పట్టబోయాడు, ఎన్నిసార్లు పట్టాడు రెండూ పక్కపక్కనే ఉంటాయి. పట్టు తప్పితే అవతలివాళ్ళకి పాయింట్ వెళ్తుంది కాబట్టి తప్పిన పట్టు ఎవరి కంటికీ ఆనకుండా పోదు. ఎన్‌ఎఫ్‌ఎల్ స్కోరు షీట్‌లో తప్పిన ట్యాకిల్‌కి గడే లేదు.

శాతం బాగుంది. ఇంక అనుమానించక్కర్లేదా?

ఉంది, పెద్ద అనుమానమే ఉంది. అసలు ట్యాకిల్‌కే వెళ్ళనివాడికి మిస్సులు ఎక్కడ నుంచి వస్తాయి?

రన్నింగ్ బ్యాక్ తన వైపు వస్తుంటే కొందరు కార్నర్‌లు ఎదురుగా ఉన్న రిసీవర్‌తో తోపులాడుతూ అక్కడే ఉండిపోతారు. ఆ అడ్డం వదిలించుకుని వెళ్ళే ఓపిక, ధైర్యం చూపరు. ఈలోపు సేఫ్టీ వచ్చి పడగొడతాడు. ఆటలో కార్నర్‌కి ట్యాకిల్ లేదు, మిస్ లేదు, శాతం తళతళలాడుతూ ఉంటుంది. ఇంకొకడు ప్రతి రన్ వెనకా పరిగెత్తి, కష్టమైన కోణంలో దూకి, కొన్ని జారవిడుస్తాడు. అతని శాతం పాడవుతుంది. నా టీమ్‌కి రెండోవాడే కావాలి.

దీన్ని పట్టుకోవడానికి శాతం పక్కన ఇంకో అంకె పెట్టుకోండి: అతని వైపు వచ్చిన రన్ ఆటల్లో ఎన్నింటికి అతను ట్యాకిల్ ప్రయత్నం చేశాడు. ఇది రెడీగా ఎక్కడా దొరకదు, వీడియో చూసి రాసుకోవాలి. ప్రయత్నాలు తక్కువ, శాతం అద్భుతం అంటే అప్పుడు ఆగి చూడాలి.

ఎన్ని మ్యాచ్‌లు చూస్తే నమ్మొచ్చు?

మీరనుకున్నదానికన్నా ఎక్కువ. ఒక రూకీ 50 సార్లు ప్రయత్నించి 5 జారవిడిచాడు అనుకుందాం. పది శాతం. ఈ 50 ప్రయత్నాల ఆధారంగా అతని అసలు సామర్థ్యం ఎంత ఉండొచ్చని సాధారణ గణాంక సూత్రంతో లెక్క వేస్తే, సుమారు 4 శాతం నుంచి 21 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చని వస్తుంది. నాలుగు అంటే గొప్ప ట్యాకిలర్. ఇరవై ఒకటి అంటే కోచ్‌కి ప్రతి ఆదివారం టెన్షనే. దాదాపు సీజన్ మొత్తం ఆడినా మన చేతిలో ఉన్నది అంత వెడల్పు అంచనా.

అందుకే నేను చిన్న ఉపాయం వాడతాను. ప్రతి రూకీకీ ముందే ఓ 50 ఊహా ప్రయత్నాలు కలుపుతాను, అందులో మామూలు కార్నర్ జారవిడిచేటన్ని జారవిడిచినట్టు. మామూలు శాతం 12 అనుకుంటే 6 మిస్సులు. ఇప్పుడు 20 ప్రయత్నాల్లో ఒక్కటీ జారవిడవని కుర్రాడు సున్నా శాతం దగ్గర ఉండడు. 70లో 6, అంటే 8.6 శాతం దగ్గరకొస్తాడు. 20లో 5 జారవిడిచినవాడు 25 శాతం కాకుండా 70లో 11, అంటే 15.7 దగ్గర ఆగుతాడు. ఒకడు దేవుడని, ఇంకొకడు పనికిరాడని మూడో వారంలోనే తేల్చేయకుండా ఇది ఆపుతుంది. ప్రయత్నాలు పెరిగేకొద్దీ ఊహా లెక్క ప్రభావం దానంతటదే తగ్గిపోతుంది. ఆ 50 అన్న అంకె దేవుడిచ్చింది కాదు, 40 పెట్టుకున్నా 60 పెట్టుకున్నా అభ్యంతరం లేదు.

ఒకే టీమ్‌లో ఉన్న ఇద్దరు రూకీలను పోల్చడం తేలికేనా?

ఈగల్స్ జత సంగతి ఇక్కడే చెప్పాలి. 2024 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఈగల్స్ 22వ ఎంపికగా టొలీడో యూనివర్సిటీ నుంచి క్విన్యన్ మిచెల్‌ని, 40వ ఎంపికగా అయోవా నుంచి కూపర్ డిజీన్‌ని తీసుకుంది. డిఫెన్స్ నడిపే కోచ్ ఒకరే, విక్ ఫాంజియో. టీమ్ ఒకటే. అవతలి టీమ్‌లూ అవే. పోల్చడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

రెగ్యులర్ సీజన్ అయ్యేసరికి మిచెల్‌కి 46 ట్యాకిల్స్, డిజీన్‌కి 51. ఇద్దరూ 16 మ్యాచ్‌ల్లో కనిపించారు. చూడ్డానికి సమానమే. కానీ మిచెల్ మొదటి మ్యాచ్ నుంచీ అంచున ఆడిన కార్నర్. డిజీన్ తొలి నాలుగు మ్యాచ్‌ల్లో డిఫెన్స్‌లో పెద్దగా ఆడలేదు. అక్టోబరు 13న క్లీవ్‌లాండ్ మీద మ్యాచ్‌తో లోపలి స్థానంలో, నికెల్ అనే చోట, స్థిరపడ్డాడు. అంటే తక్కువ ఆటల్లో ఎక్కువ ట్యాకిల్స్.

దాన్నిబట్టి డిజీన్ మెరుగైన ట్యాకిలర్ అనొచ్చా? ఈ అంకెతో అనలేం. నికెల్ నిలబడేది గుంపు మధ్యకి దగ్గరగా. రన్‌లు అక్కడే ఎక్కువ వస్తాయి, చిన్న పాస్‌లూ అటే పడతాయి. అంచున ఉన్న మిచెల్ వైపు క్వార్టర్‌బ్యాక్ చూడకపోతే ఆ ఆటంతా అతను ఖాళీగా పరిగెత్తాడన్నమాట. ఇద్దరి ఉద్యోగాలు వేరు. నికెల్‌ని నికెల్‌లతో, అంచు కార్నర్‌ని అంచు కార్నర్‌లతో పోల్చండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం వాదనలు తగ్గుతాయి.

డిజీన్ డెరిక్ హెన్రీని పడేసిన ఆట గురించి అందరూ చెప్తారు. ఒక్క ఆటకి అంత విలువ ఇవ్వొచ్చా?

2024 డిసెంబరు 1, బాల్టిమోర్. ఈగల్స్ 24-19తో గెలిచిన మ్యాచ్. బాల్టిమోర్ రన్నింగ్ బ్యాక్ హెన్రీ ఖాళీ చోటుకి వచ్చేశాడు, ఎదురుగా డిజీన్ ఒక్కడే. హెన్రీ బరువు సుమారు 112 కిలోలు, డిజీన్ 92 దగ్గర. ఆ ఏడాది 1,921 గజాలు పరిగెత్తిన మనిషి హెన్రీ. అంతటివాడు ఎదురుగా వస్తుంటే పెద్ద పెద్ద ఆటగాళ్ళే పక్కకి జరిగి కాళ్ళ మీద పడతారు. డిజీన్ ఆగలేదు, పక్కకి జరగలేదు. భుజం ఆనించి, చేతులు చుట్టేసి, వెనక్కి విసిరినట్టు పడేశాడు. నేను ఆ ముక్కని వెనక్కి తిప్పి తిప్పి చూశాను. నన్ను పట్టేసినవి అతని పాదాలు. తగిలే క్షణానికి రెండూ నేల మీదే ఉన్నట్టు నాకు కనబడింది. గాల్లోకి ఎగిరి ఉంటే హెన్రీ అతన్ని దులిపేసుకుని వెళ్ళిపోయేవాడు.

స్కోరు షీట్‌లో ఇది ఒక ట్యాకిల్. అవుటయ్యే రిసీవర్‌ని గీత బయటికి నెట్టినా ఒకటే. గణాంకాలతో నాకున్న బాధ అదే. అయితే ఒక్క ఆటతో శాతం మారదు, మారకూడదు. ఆ ఆట చెప్పేది వేరే సంగతి: అతనికి పద్ధతి తెలుసు, భయం లేదు. ఆ రెండూ ఉన్నవాడి అంకెలు మొదట్లో బాగోకపోయినా నేను ఓపిక పడతాను. మరుసటి ఫిబ్రవరిలో సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో, అదీ తన పుట్టినరోజున, అవతలి క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ వేసిన పాస్‌ని మధ్యలో పట్టేసి 38 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసింది ఇతనే. ట్యాకిల్‌తో సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ట్యాకిల్ ఎంత విలువైనదో చెప్పే అంకె ఏదైనా ఉందా?

ఉంది. ఆ ట్యాకిల్ వల్ల అవతలివాళ్ళ ఆట ఫెయిల్ అయిందా లేదా అని చూడాలి. పది గజాలు సాధించడానికి టీమ్‌కి నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కో అవకాశం ఒక డౌన్. చాలామంది వాడే కొలత ఇది: మొదటి డౌన్‌లో కావాల్సిన గజాల్లో 40 శాతం, రెండో డౌన్‌లో 60 శాతం, మూడు, నాలుగు డౌన్‌లలో మొత్తం రావాలి. రాకపోతే ఆట ఫెయిల్. అలా ఫెయిల్ చేసిన ట్యాకిల్స్‌ని స్టాప్ అంటారు. మూడో డౌన్‌లో ఏడు గజాలు కావాలి, రిసీవర్ నాలుగు గజాల దగ్గర పాస్ పట్టాడు, కార్నర్ అక్కడికక్కడే పడేశాడు. అది బంగారం లాంటి ట్యాకిల్. అదే రిసీవర్ ఎనిమిది గజాల దగ్గర పడితే పని అయిపోయినట్టే.

దీనికి తోడు, అతని మీద పూర్తయిన పాస్‌ల్లో బంతి పట్టాక రిసీవర్లు ఎన్ని గజాలు పరిగెత్తారో పాస్‌కి సగటు తీయండి. కార్నర్‌కి ఇది నాకు ఇష్టమైన అంకె. పట్టగానే పడేసేవాడెవడో దీంట్లో తెలిసిపోతుంది.

కాలేజీలో ట్యాకిలింగ్ బాగుంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా బాగుంటుందా?

కొంతవరకు. మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. తేడా ఆట మొదలుపెట్టే గీతల్లో ఉంది. కాలేజీలో ఆ రెండు గీతల మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్కన 60 అడుగులే, ఇంకో పక్కన 100 అడుగుల ఖాళీ. ఇరుకు వైపు కార్నర్‌కి మైదానం గీతే ఇంకో డిఫెండర్‌లా సాయం చేస్తుంది. వెడల్పు వైపు వాడు ఒంటరి. కాబట్టి కాలేజీ అంకె చూసే ముందు ఆ కుర్రాడు ఎక్కువగా ఎటువైపు ఆడాడో కనుక్కోండి. ఎదురైన ఆటగాళ్ళ స్థాయి సంగతి మీకు తెలిసిందే.

భుజం ప్యాడ్‌లలో చిప్‌లు పెడతారట. దాంతో ఇవన్నీ తేలిపోవా?

చిప్‌లు ఉన్న మాట నిజం. ప్రతి ఆటగాడు ఎక్కడున్నాడో, ఎంత వేగంతో కదులుతున్నాడో సెకనుకి పదిసార్లు నమోదవుతుంది. 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ నడిపిన బిగ్ డేటా బౌల్ పోటీకి ఇచ్చిన అంశం ట్యాకిలింగే. 2022 సీజన్ తొలి తొమ్మిది వారాల డేటా కాగుల్‌లో, అంటే డేటా పోటీలు నడిపే సైట్‌లో, పెట్టారు. డేటా సైన్స్ నేర్చుకుంటున్న మనవాళ్ళకి ఇంతకన్నా మంచి అభ్యాసం ఉండదు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న కార్నర్ ఈ కోణంలో వస్తే పట్టే అవకాశం ఎంత అని లెక్కించొచ్చు. తేలిక ట్యాకిల్, కష్టమైన ట్యాకిల్ వేరు చేయడానికి దారి అదే. చిప్ చెప్పలేనిది ఒకటుంది, చేతులు చుట్టాడా లేదా అన్నది.

ట్యాకిల్ రాకపోయినా కవరేజ్ (రిసీవర్‌ని కాపలా కాయడం) గొప్పగా ఉంటే సరిపోదా?

పాత తరం కార్నర్ డియాన్ శాండర్స్‌కి సరిపోయింది. ట్యాకిల్‌కి ఇష్టపడడని కెరీర్ పొడుగునా విమర్శలు ఉన్నా 2011లో మేటి ఆటగాళ్ళకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. అతని వైపు బంతి వేయడానికే భయపడేవాళ్ళు. మరో కార్నర్ రోండీ బార్బర్ దారి వేరు. లోపలి స్థానంలో రన్‌కి ఎదురెళ్ళి, 47 ఇంటర్‌సెప్షన్లతో (అవతలివాళ్ళ పాస్‌ని మధ్యలో పట్టేయడం) పాటు 28 సాక్‌లు కూడా సంపాదించి, 2023లో అదే హాల్‌కి చేరాడు. మీ రూకీ శాండర్స్ అయితే ట్యాకిల్ సంగతి వదిలేయండి. అలాంటివాళ్ళు తరానికి ఒకరో ఇద్దరో పుడతారు.

సొంతంగా రాసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

నోటుపుస్తకం చాలు. మైదానంలో 22 మందీ కనిపించే వీడియో అయితే మేలు. ఒక్కో ఆటకి ఒక వరస: డౌన్, దూరం, కార్నర్ నిలబడ్డ చోటు, ప్రయత్నించాడా, పట్టాడా, తగిలాక ఎన్ని గజాలు వెళ్ళాయి, పక్కన సాయం ఉందా. సాయం లేని చోట్ల పట్టినవాటిని వేరే రంగు పెన్నుతో రాస్తాను. నాలుగు మ్యాచ్‌లు రాసేసరికి ఆ రంగే కళ్ళకి కడుతుంది. ముందుగా సైట్లలో అంకెలు చూడకండి, చూస్తే కళ్ళు వాటి వెంటే వెళ్తాయి.

మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్‌లో కార్నర్ ఆడుతున్నాడు. ఇవే లెక్కలు వాడొచ్చా?

శాతాలు వద్దండీ. మ్యాచ్‌కి మూడు నాలుగు ట్యాకిల్స్ ఉంటాయి, ఆ మాత్రం దాంతో ఏమీ తేలదు, బాబు మాత్రం నలిగిపోతాడు. మీరు ఒకటే చూడండి: తగిలే క్షణంలో తల ఎక్కడుంది? తల పైకెత్తి, కళ్ళు అవతలివాడి మీద పెట్టి, తలని పక్కకి ఉంచి భుజంతో తాకాలి. తల దించి నడినెత్తితో గుద్దితే మెడకి ప్రమాదం. వెనకనుంచి నడుం పట్టి, తన ఒళ్ళు బరువంతా అవతలివాడి కాళ్ళ మీద పడేసే హిప్-డ్రాప్ పద్ధతిని ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా 2024 మార్చిలో నిషేధించింది, చీలమండలు, మోకాళ్ళు దెబ్బతింటున్నాయని. ఫోన్‌లో వీడియో తీసి, ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి నెమ్మదిగా తిప్పి చూడండి. తల దిగుతున్నట్టు అనుమానం వస్తే ఆ ముక్కని తర్వాతి ప్రాక్టీసుకి ముందే కోచ్‌కి చూపించండి.